విశాఖలో రైలు ఎందుకు వెనక్కి తిరుగుతుంది?

హౌరా నుంచి చెన్నై వెళ్ళే రైల్లో ఇంజిను వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నవాళ్ళు విశాఖపట్నం దాటేసరికి ఇంజినుకి వీపు పెట్టి కూర్చుని ఉంటారు. ఎవరూ సీటు మారలేదు. కోరమండల్ అయినా, పాత మెయిల్ అయినా, సికింద్రాబాద్ వెళ్ళే ఫలక్‌నుమా అయినా ఇదే తంతు. రైలు స్టేషన్లోకి వస్తుంది, ఇరవై నిమిషాలో అంతకు కాస్త అటూ ఇటూనో ఆగుతుంది. ఈలోగా తోక వైపు ఓ ఇంజిను తగులుకుంటుంది. తోకే తలై, వచ్చిన దారినే బయటికి పోతుంది. కొత్తగా ఎక్కినవాళ్ళు కంగారుపడి పక్కవాళ్ళని అడగడం, "మళ్ళీ ఇచ్ఛాపురం తీసుకుపోరులెండి" అని పక్కవాళ్ళు నవ్వడం మామూలే.

హౌరా-చెన్నై అంటే దేశంలో పెద్ద ట్రంకు లైన్లలో ఒకటి. అలాంటి లైను మధ్యలో రైలు వెనుదిరగాల్సిన ఏర్పాటు ఎవరు చేశారు? తెలిసే చేశారా?

ఊళ్ళో అడిగితే రకరకాల జవాబులు వస్తాయి. రేవు కోసం స్టేషన్ని అలా కట్టారని ఎక్కువమంది అంటారు. కొండలు అడ్డమొచ్చాయని కొందరు. దొరలు తమ బంగళాలకు దగ్గరగా స్టేషన్ కావాలన్నారని ఇంకొందరు. మూడోది చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ ఆధారంగా నిలబడదు. మొదటి రెండింటిలో కొంత నిజముంది. ఎంత ఉందో తేలాలంటే ముందు పటం చూడాలి.

విజయనగరం నుంచి వచ్చే లైను సముద్రం పక్కన రాదు. కొత్తవలస, పెందుర్తి మీదుగా సింహాచలం కొండకి పడమటి వైపు నుంచి దిగుతుంది. అక్కణ్ణించి తిన్నగా నైరుతికి పోతే దువ్వాడ, అనకాపల్లి. విశాఖపట్నం ఈ దారిలో లేదు. తూర్పున, కొండకీ సముద్రానికీ మధ్య ఉన్న జేబులో ఉంది. సింహాచలం దగ్గర చీలిన పట్టాలు మర్రిపాలెం మీదుగా ఆ జేబులోకి వెళ్ళి స్టేషన్ దగ్గర ఆగిపోతాయి. ఉత్తరం నుంచి వచ్చే లైనూ దక్షిణం నుంచి వచ్చే లైనూ ఒకే మూతిలోంచి స్టేషన్లోకి దూరతాయి. ప్లాట్‌ఫారాల అవతలి కొసన మెయిన్ లైను అంటూ ఏదీ లేదు. సింహాచలం నార్త్, గోపాలపట్నం, దువ్వాడ చుట్టుపక్కల పట్టాలు కలిసి త్రికోణంలా కనిపిస్తాయి. ఆ త్రికోణం తూర్పు కొస లాగి సాగదీస్తే విశాఖ స్టేషన్.

కాబట్టి రైలు వెనుదిరగడంలో వింతేమీ లేదు. కొమ్మ చివరికి వెళ్ళిన రైలు వెనక్కి రాక ఏం చేస్తుంది? ఆర్టీసీ బస్సు హైవే దిగి, ఊళ్ళో బస్టాండుకి వెళ్ళి, మళ్ళీ హైవే ఎక్కినట్టే. అయితే అసలు ప్రశ్న ఇప్పుడే మొదలవుతుంది. హైవే మీద పోయే ప్రతి బస్సూ ప్రతి ఊళ్ళోకీ వెళ్ళదు. ఈ ఊళ్ళోకి మాత్రం ప్రతి రైలూ ఎందుకు వెళ్ళింది?

తూర్పు తీరం లైను పేరుకే తీరం లైను. కటకం నుంచి బెజవాడ దాకా ఆ పట్టాల వెంట వేలు పెట్టి పోతే, సముద్రాన్ని తప్పించుకోవడానికే ఇంజనీర్లు పని చేశారనిపిస్తుంది. మహానది డెల్టా మొదట్లో కటకం, గోదావరి డెల్టా మొదట్లో రాజమండ్రి, కృష్ణా డెల్టా మొదట్లో బెజవాడ. నదులు పాయలుగా చీలిపోకముందే వంతెన వేయాలి, లేకపోతే ఒక్క నదికి నాలుగైదు వంతెనలు కట్టాలి. అందుకే లైను లోపలికి జరిగింది. దానివల్ల పాత రేవు ఊళ్ళన్నీ బయటపడిపోయాయి. కాకినాడకి సామర్లకోట నుంచి కొమ్మ వేశారు. మచిలీపట్నానికి గుడివాడ నుంచి కొమ్మ. డచ్చివాళ్ళ కాలం నుంచి ఓడలు ఆగిన భీమునిపట్నానికి కొమ్మ కూడా లేదు. కళింగపట్నానికీ లేదు. అంతెందుకు, శ్రీకాకుళం పట్టణమే లైను మీద లేదు. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ ఆమదాలవలసలో ఉంది.

ఇప్పుడు కాకినాడనీ విశాఖనీ పక్కపక్కన పెట్టండి. రెండూ రేవులే. రెండూ మెయిన్ లైనుకి తూర్పున, పదిహేను కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వ్యాపారం లెక్కన కాకినాడే పెద్దది. అయినా మెయిన్ లైను రైళ్ళు కాకినాడని సామర్లకోట దగ్గరే వదిలేసి పోతాయి. పిఠాపురం నుంచి కాకినాడకి లైను వేసి తమని మెయిన్ లైనులో కలపమని కాకినాడవాళ్ళు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. విశాఖకి మాత్రం మెయిళ్ళన్నీ కొమ్మ చివరిదాకా వెళ్ళి మరీ వస్తాయి. కొండలు, డెల్టాలు స్టేషన్ ఎందుకు కొమ్మ చివర ఉందో చెప్తాయి. రైలు అక్కడిదాకా ఎందుకు వెళ్తుందో చెప్పవు.

ఆ రెండో సంగతి కాగితాల్లో ఉంది.

ఈ లైను వేసింది ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే, అంటే సర్కారు సొంత రైల్వే. కటకం-బెజవాడ మధ్య ముక్కలు ముక్కలుగా 1893 నుంచి 1896 లోపు తెరిచారు. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో పూర్తయింది. కష్టమంతా పడి లైను ఒక కొలిక్కి వచ్చాక సర్కారు దాన్ని తన దగ్గర ఉంచుకోలేదు, రెండు ముక్కలు చేసి పంచేసింది. వాల్తేరు నుంచి బెజవాడ దాకా దక్షిణపు ముక్క 1901లో మద్రాసు రైల్వేకి. వాల్తేరు నుంచి కటకం దాకా ఉత్తరపు ముక్క, పూరీ కొమ్మతో కలిపి 514 కిలోమీటర్లు, 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకి. కోత పడింది వాల్తేరు దగ్గర. అప్పట్లో విశాఖ స్టేషన్ పేరు అదే.

అంటే మనం ఒకే ట్రంకు లైను అనుకుంటున్నది, పుట్టిన పదేళ్ళ లోపే రెండు కంపెనీల లైను అయిపోయింది. ఒకరి ప్రధాన కార్యాలయం మద్రాసులో, ఇంకొకరిది కలకత్తా గార్డెన్ రీచ్‌లో. ఒకరి ఇంజిను ఇంకొకరి పట్టాల మీద ఊరికే తిరగదు. డ్రైవర్లు వేరు, బొగ్గు లెక్కలు వేరు, షెడ్లు వేరు. మద్రాసు వైపు నుంచి వచ్చిన ఇంజిను వాల్తేరులో విడిపోవాల్సిందే, హౌరా వైపు లాగే ఇంజిను తగులుకోవాల్సిందే. మద్రాసు రైల్వే 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయిందిగానీ సరిహద్దు కదల్లేదు.

ఇంజిను ఎలాగూ మార్చాల్సిన చోట, రైలు వెనుదిరగడం నష్టం కాదు. నిజానికి లాభమే. మామూలు స్టేషన్లో ఇంజిను మార్చాలంటే పాతది తప్పుకోవాలి, దాని జాగాలోకి కొత్తది రావాలి. వాల్తేరులో వచ్చిన ఇంజిను లోపలి కొసన ఉండిపోతుంది. కొత్తది బయటి కొసన వచ్చి తగులుకుంటుంది. ఒకదానికొకటి అడ్డం రావు. ఆవిరి ఇంజినుకి నీళ్ళు పట్టాలి, బూడిద దులపాలి, తిప్పే బల్ల మీద దిశ మార్చాలి. అదంతా రైలు వెళ్ళిపోయాక తీరిగ్గా చేసుకోవచ్చు. ఈ స్టేషన్ని తప్పించి దువ్వాడ వైపు మెయిళ్ళు పంపాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ రావలసిన పని లేదు. రెండు రాజ్యాల మధ్య చెక్‌పోస్టు దగ్గర బండి ఆగదా మరి!

నా లెక్కలో చిక్కుముడి ప్రధానమైన పోగు ఇదే. నేల స్టేషన్ని కొమ్మ చివర కూర్చోబెట్టింది. సరిహద్దు మెయిళ్ళని ఆ చివరిదాకా రప్పించింది.

మరి రేవు? ఎక్కువమంది చెప్పే జవాబు అదే కదా. తారీఖులు చూస్తే ఆ జవాబు తలకిందులవుతుంది. రైలు 1893లో మొదలైంది, రేవు 1933లో తెరుచుకుంది. మధ్యలో నలభై ఏళ్ళు. పుట్టని రేవు కోసం స్టేషన్ని తిప్పి కట్టలేరు. అయితే ఈ నలభై ఏళ్ళ జాప్యం తనంతట తానే ఇంకో చిక్కుముడి. డాల్ఫిన్ నోస్ కొండ చాటు ఉంది, ఏటి మూతి ఉంది, పక్కనే రైలు ఉంది. ఇంకేం తక్కువైంది?

సరుకు తక్కువైంది. తీరం వెంట ఉత్తర దక్షిణాలుగా పోయే లైను రేవుని పోషించలేదు. అది ఒక రేవు ఊరి నుంచి ఇంకో రేవు ఊరికి పోతుంది. ఆ పని ఓడలూ చేయగలవు. రేవు బతకాలంటే సముద్రానికి అడ్డంగా, లోపలి నుంచి సరుకు రావాలి. విశాఖకి లోపలంటే తూర్పు కనుమలు, వాటి అవతల జయపురం, ఛత్తీస్‌గఢ్ మైదానం, ఇంకా పైన మాంగనీసు గనులు.

మాంగనీసు ఈ కథలో చాలా ముందే కనిపిస్తుంది. మన దేశంలో ఆ ఖనిజం తవ్వకం మొదలైంది ఈ పాత విశాఖపట్నం జిల్లాలోనే, 1892లో, విజయనగరం చుట్టుపక్కల. ఉక్కు గట్టిపడటానికి అది కావాలి, ఇంగ్లండుకి అమెరికాకి ఎగుమతి. ఆ తర్వాత కొద్ది ఏళ్ళలో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, బాలాఘాట్ నాగపూర్ ప్రాంతంలో, ఇంతకన్నా గొప్ప నిల్వలు బయటపడ్డాయి. ఆ సరుకు బొంబాయికో కలకత్తాకో పోవాలి. రాయి లాంటి సరుకు అది. బరువు ఎక్కువ, ధర తక్కువ. రైలు కిరాయి పెరిగేకొద్దీ లాభం కరిగిపోతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే చేతిలో రాయపూర్ ఉంది, వాల్తేరు ఉంది. రెండింటినీ కలిపితే సముద్రానికి దగ్గర దారి తన పట్టాల మీదే దొరుకుతుంది.

కలపడం మొదలైంది కూడా. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను 1908-09లో తెరిచారు. అక్కడ ఆగింది. ఎదురుగా కనుమలున్నాయి, ఆ తర్వాత యుద్ధం వచ్చింది. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా పూర్తయ్యేసరికి 1931.

ఈ తారీఖు పక్కన రేవు తారీఖు పెట్టండి. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ఇక్కడ రేవు కట్టవచ్చని చేసిన ప్రతిపాదనకి మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే సర్కారు ఒప్పుకుంది. లోపలి రేవు పని 1927లో మొదలై 1933లో ముగిసింది. 378 లక్షల రూపాయలు ఖర్చు. కట్టించింది ఏ రేవు శాఖో కాదు, బెంగాల్ నాగపూర్ రైల్వే. రాయపూర్ లైను, విశాఖ రేవు కవలలు. రెండేళ్ళ తేడాతో పుట్టాయి, పెంచిన చేయి ఒకటే. రేవు లేనిదే ఆ కొండ లైనుకి అర్థం లేదు, లైను లేనిదే రేవుకి తిండి లేదు. 1893లో రేవు ఎందుకు కట్టలేదన్న ప్రశ్నకి జవాబు సముద్రంలో లేదు, పార్వతీపురం అవతల ఉంది.

కట్టిన తీరు గురించి ఓ మాట చెప్పాలి. ఊరికి పడమటి వైపు మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఉప్పునీటి బురదనేల ఉండేది. ఆ బురదనే తవ్వి ఓడలు తిరిగే చెరువులా చేశారు. మూతి దగ్గర ఇసుక మేట వేస్తూనే ఉంటుంది. నైరుతి గాలులకి ఇసుక తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దాన్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి అక్కడ ముంచేశారు. కొత్త ఓడలు లోపలికి రావడానికి పాత ఓడలు కాపలా అన్నమాట. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవుని లాంఛనంగా ప్రారంభించాడు.

ఇక్కడ ఊళ్ళోవాళ్ళ జవాబుకి కొంత న్యాయం చేయాలి. రైలు వెనక్కి తిరగడానికి రేవు కారణం కాదుగానీ, ఇక ఎప్పటికీ తిరుగుతూనే ఉండేలా చేసింది మాత్రం రేవే. స్టేషన్ నుంచి దక్షిణానికి, గాజువాక వైపు, లైను పొడిగించాలంటే ఆ బురదనేల మీదుగానే పోవాలి. బురదగా ఉన్నన్నాళ్ళు మట్టి పోసి గట్టు కట్టే అవకాశం కాగితం మీదైనా ఉండేది. అక్కడ ఓడలు తిరగడం మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది. తర్వాత నౌకా నిర్మాణ కేంద్రం వచ్చింది. దానికి 1941లో రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు, అందులో కట్టిన జల ఉషని 1948లో నెహ్రూ నీళ్ళలోకి దించారు. ఆ పైన నౌకాదళం, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం. ఉత్తరాన చూస్తే, ఇవాళ హనుమంతవాక మీదుగా మధురవాడ పోయే హైవే ఉన్న ఖాళీలోంచి లైను తీసుకుపోవచ్చు కదా అనిపిస్తుంది. కొండ వెనక పెందుర్తి చదును ఉండగా 1890ల ఇంజనీరు ఆ ఇరుకు ఎందుకు ఎంచుకుంటాడు? తర్వాతి ఇంజనీరు ఎంచుకోవాలన్నా, అప్పటికి అక్కడ ఊరు పెరిగిపోయింది.

సరుకు రవాణాకి మాత్రం ఈ నిర్మాణం అచ్చంగా కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. ప్రయాణికుడు విశాఖ దాటి పోవాలి. ఖనిజం విశాఖలోనే ఆగిపోవాలి. గూడ్సు బండి ఉత్తరం నుంచి దిగి, కొమ్మలోకి తిరిగి, తిన్నగా రేవులో ముగుస్తుంది. మాంగనీసు బళ్ళు అలాగే వచ్చాయి. తర్వాత ఇనుప ఖనిజం అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో కుదిరిన ఒప్పందం ప్రకారం బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చాలి. దానికోసమే కొత్తవలస-కిరండోల్ లైను పుట్టింది. అనంతగిరి కొండల్లో 58 సొరంగాలు, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషన్. ఇవాళ అరకు వెళ్ళే సెలవుల బండి ఎక్కినవాళ్ళు కిటికీలోంచి చూసి మురిసిపోయే ఆ లైను అసలు ప్రయాణికుల కోసం వేసింది కాదు. అది కొత్తవలసలో, అంటే త్రికోణానికి ఉత్తరాన, మెయిన్ లైనులో కలుస్తుంది. అక్కణ్ణించి ఖనిజం బండి ఎక్కడా వెనుదిరగకుండా రేవుకి దిగుతుంది. లోపలి రేవులో పట్టని పెద్ద ఓడల కోసం 1976లో బయటి రేవు కట్టారు. మొత్తం ఏర్పాటులో ఇబ్బంది పడేది సీట్లో కూర్చున్న మనిషి ఒక్కడే. బండరాయికి ఏ ఇబ్బందీ లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక సరిహద్దు పోవాలి కదా అంటారు. కంపెనీలు పోయాయి, సరిహద్దు పోలేదు. దక్షిణపు ముక్క సదరన్ రైల్వేలో కలిసింది. ఉత్తరపు ముక్క 1952లో ఈస్టర్న్ రైల్వేకి, 1955లో సౌత్ ఈస్టర్న్‌కి పోయింది. 1966లో విజయవాడ డివిజన్ సౌత్ సెంట్రల్‌కి వచ్చింది. 2003లో వాల్తేరు డివిజన్ భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న ఈస్ట్ కోస్ట్ రైల్వేకి వెళ్ళింది. బోర్డుల మీద పేర్లు ఎన్ని మారినా, మద్రాసు వాటాకీ కలకత్తా వాటాకీ మధ్య 1901లో గీసిన గీత వాల్తేరు నుంచి దువ్వాడ దాకా జరిగిందే గానీ చెరగలేదు. ఇంకో సంగతి, లైను అంతా ఒకేసారి విద్యుదీకరణ కాలేదు. హౌరా-చెన్నై మార్గం పూర్తిగా కరెంటు లైను అయింది 2005 నాటికి. కరెంటు ఇంజినుకీ డీజిలు ఇంజినుకీ మధ్య మార్పిడి ఉన్నన్నాళ్ళు విశాఖలో ఆగడానికి మళ్ళీ ఓ సాకు ఉండేది.

ఆ సాకు పోయాకే వెనుదిరగడం కేవలం నష్టంగా కనబడసాగింది. ఒకే ఇంజిను ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగగలదు, కాని విశాఖలో దాన్ని విప్పి రెండో వైపు కట్టాలి, బ్రేకులు మళ్ళీ పరీక్షించాలి, ఆ సేపూ ఒక ప్లాట్‌ఫారం కట్టుబడి ఉండాలి. పైగా వచ్చే బళ్ళూ పోయే బళ్ళూ ఒకే మూతిలో ఒకదాని కోసం ఇంకొకటి కాచుకోవాలి. అందుకే కొన్ని దూరపు రైళ్ళు సింహాచలం నార్త్ నుంచి తిన్నగా దువ్వాడకి పోతాయి, విశాఖ ముఖం చూడకుండా. రైల్వేకి అది తెలివైన పని. విశాఖవాళ్ళకి అది అవమానం. తమ ఊరు రావాల్సిన రైలు ఊరి పొలిమేర నుంచే పోతోందని వాళ్ళ బాధ. పదిహేడు కిలోమీటర్ల అవతల దువ్వాడలో సామాను పట్టుకుని అర్ధరాత్రి దిగినవాళ్ళు ఎవరి పక్షం వహిస్తారో చెప్పనక్కర్లేదు.

విశాఖ కేంద్రంగా సౌత్ కోస్ట్ రైల్వే జోన్‌ని 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. వాల్తేరు డివిజన్‌ని ఎత్తేసి, ఓ ముక్క విజయవాడలో కలిపి, మిగతాది రాయగడ డివిజన్‌గా చేస్తామన్నది మొదటి ఆలోచన. ఊరు ఊరుకోలేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం దాన్ని సవరించి, తగ్గిన పరిధితో విశాఖపట్నం డివిజన్‌ని ఉంచింది. పలాస నుంచి దువ్వాడ దాకా మెయిన్ లైను దీనికే వచ్చింది. సింహాచలం నార్త్-దువ్వాడ బైపాస్ కూడా ఆ జాబితాలో పేరుతో సహా ఉంది. విజయవాడ డివిజన్ కూడా అదే జోన్‌లో చేరుతుంది కాబట్టి, మెయిళ్ళని విశాఖకి రప్పించిన ఆ పాత గీత ఈ నిర్ణయంతో చెరిగిపోతుంది.

కొత్త గీత ఇంకోచోట పడింది. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా ఖనిజం లైను రాయగడ డివిజన్‌కి, అంటే భువనేశ్వర్ జోన్‌కి వెళ్ళింది. ఇకమీద బైలదిల్లా బండి కొత్తవలస దాకా ఒక జోన్ లెక్కలో నడిచి, అక్కణ్ణించి రేవు దాకా ఉన్న కొద్ది కిలోమీటర్లు ఇంకో జోన్ లెక్కలో దిగుతుంది.